పొయ్యి ముట్టని బుధవారం

హలో… ఆ, నేనేక్కా. అర్చననే.

…

జలుబు గాదు. మెల్లగా మాట్లాడతాండ, అంతే. మా యత్త ముందరింట్లో పండుకోనుండాది. ఫోను వైరు లాక్కోని నడిమింట్లోకి వచ్చినా.

…

పాప ఒళ్ళో ఉండాది. ఇప్పుడే కన్నుమూసింది. ఏడ్చి ఏడ్చి, ఇంగ ఓపిక లేక.

…

తిన్యా. బన్ను. పొద్దున మా మరిది సురేష్ టీ, బన్ను తెచ్చిపెట్టి పోయినాడు. రేపటికి షామియానా, కుర్చీలు మాట్లాడల్ల గదా. ఇంగా రాలే.

…

లేదక్కా. అన్నం రాలే.

…

అవుకు మామోళ్ళ నుంచీ రాలే. యాడనుంచీ రాలే.

…

అరవగాక. అరవగాకక్కా, పాప లేస్తాది. తప్పు ఎవురిదీ లేదు. విను. నా మొగుడు పోయింది ఆదివారం. మూడోదినం మంగళారం పడె. మంగళారం చిన్నదినం చేయగూడదన్యారు. బుధవారం చేద్దామంటే అమాస. బేస్తవారానికి తోసినారు —

…

ఆ, నీకు తెలుసు. అవుకు మామకూ తెలుసు. అందరికీ తెలుసు. కానీ కూడు తెచ్చే వంతులు ముందే ఏసుకున్యారు సూడు. ఆదివారం ఈది వాళ్ళు. సోమవారం అవుకోళ్ళు. నిన్న మీరు. ఆడికి మూడు దినాలు చెల్లిపాయ. దినం జరిగింది, వంతు జరగలే. ఈ బుధవారం ఎవురి లెక్కలోనూ లేదు.

…

ఆ. మీరు వాళ్ళు తెస్తారనుకున్యారు. వాళ్ళు మీరు తెస్తారనుకున్యారు. ఈది వాళ్ళేమో, చుట్టాలున్న ఇంటికి మనమెందుకులే అనుకున్యారు. పన్నెండు దాకా వాకిట్లోకి చూస్తా కూర్చున్యా. అప్పుడు తెలిసె.

…

ఏడవగాక. కూడే గదక్కా.

…

హోటల్లో తెస్తానన్యాడు సురేష్. మా యత్త పడనీలే. "నా కొడుకు మట్టి ఇంగా తడారలే, హోటలు కూడు తినల్లనా" అనింది. ఆమె అయితే బన్ను గూడా ముట్టలే. నాలుగు దినాల్నుంచీ టీ నీళ్ళే. నిన్న బావ తెచ్చిన క్యారియరు ఆమె ముందర పెట్టినా. మూత తీయనీలే.

…

నేను తిన్యా. రెండు ముద్దలు. నువ్వు పంపిన పప్పు బాగుండె.

…

ఇప్పుడు బయల్దేరతావా? వద్దులే. ఈడికొచ్చే తలికి దీపాలు పెట్టే యాల అయితాది. అమాస నాడు దీపాలు పెట్టినాక కూడు గడప దాటగూడదంట. ఆమె చెప్పింది. ఆమె చెప్పిందంటే అంతే, నీకు తెల్దా. ఆళ్లగడ్డ నుంచి క్యారియరు మోసుకొచ్చి నువ్వు అరుగు మీద కూర్చుంటావ్. రేపెట్లా వస్తాండావ్ గదా.

…

పొయ్యా? పొయ్యి ఎట్ల ముట్టిస్తామక్కా. చిన్నదినం కాకుండా ముట్టించేదుందా? గ్యాసు పొయ్యి మీద చాట బోర్లించింది. సిలిండరు గూడా తిప్పేసింది. రోజూ పొద్దున పోయి చూసుకుంటాంది, చాట చాట మాదిరే ఉండాదా లేదా అని.

…

అక్కా. ఒగ మాట చెప్తా. అరవనంటే చెప్తా.

…

ఒట్టు?

…

నేను వండతాండ.

…

చూడు, అరిచినావ్.

…

పొయ్యి ముట్టించలే. పాప మీద ఒట్టు. కరెంటు కుండ. ఎనకింటి లూదియక్క ఇచ్చింది.

…

లూదియక్క అక్కా. కువైట్‌లో ఎనిమిదేండ్లు వంటపని చేసి వచ్చింది గదా, ఆమె. ఆడినుంచి తెచ్చుకున్యాది. లోపల మట్టికుండ మాదిరే నున్నంగ ఉంటాది, బయట ఇనుప తొడుగు, పైన గాజు మూత. మంట లేదు, పొగ లేదు, విజిలు లేదు. వైరు పెడితే చాలు, పొద్దున ఏసినేది సాయంత్రానికి ఉడుకుతాది. చెయ్యి పెడితే జ్వరమొచ్చిన పిల్ల ఒళ్ళు మాదిరి ఉంటాది, అంతే.

…

యాడ పెట్టినా అంటే… ఈడనే, నడిమింట్లోనే. బియ్యం మూటల సందులో. పైన గోనెసంచి కప్పినా. దాని పక్కనే కూర్చోని మాట్లాడతాండ నీతో.

…

అంటుకోదులే. సంచి మూతకు తగలకుండా మూటల మీద పరిచినా. పది సార్లు చూసినా. ఒగసారి పాప ఊపిరి చూడల్ల, ఒగసారి కుండ చూడల్ల, ఒగసారి వాకిలి చూడల్ల. అదే పని పొద్దున్నుంచీ.

…

ఆ ప్లగ్గు మన బోర్డుకు పట్టదు. కువైట్‌ది, మూడు పండ్లూ బండగా ఉంటాయి. లూదియక్క ఆ ప్లగ్గు కోసేసి ఇచ్చింది, వైర్లు బోర్డు తొర్రల్లోకి దూర్చి, ఊడకుండా అగ్గిపుల్లలు నేనే చెక్కినా.

…

అగ్గిపుల్లలే. గీయలే గదా.

…

నవ్వుతాండావా? నవ్వు. నవ్వితే ఏమయితాది. నాలుగు దినాల్నుంచీ నవ్వు విన్నేది ఇదే.

…

నిప్పు గాదా అంటే నాకేం తెల్సక్కా. ఎనిమిదో తరగతి నడుమలో బడి మాన్పిస్తిరి. కరెంటు నిప్పా కాదా అనేది తొమ్మిదిలో ఉంటాదేమో. నేను అనుకున్యా — ఫ్యాను తిరగతాంది, బల్బు ఎలగతాంది. అవి కరెంటు గాదా? ఆయన్ను పండబెట్టిన చోట దీపం పెట్టినారు. అది నిప్పు గాదా? నాలుగు దినాల్నుంచీ నూనె పోస్తాండేది నేనే. దానికి పెట్టొచ్చంట. బిడ్డకు పెట్టగూడదంట.

…

ఆ. బిడ్డకే. నాకోసం గాదు.

…

పాలు లేవక్కా.

…

ఆదివారం సాయంత్రం నుంచే. ఆయన్ను తెచ్చినారు గదా, అప్పుడు పాప రొమ్ము దగ్గరే ఉండె. ఎవురో పాపను గుంజుకున్యారు. మల్ల ఇచ్చేతలికి… ఏమో. ఎండిపాయ. సోమవారం కొంచెం ఉండె. నిన్న లేవు. ఈ పొద్దు అసలే లేవు.

…

డబ్బాపాలు పోసినాం. తాగినేది తాగినట్టు కక్కింది, రెండు మార్లు. బేదులు పట్టుకున్యాయి. నిన్న సురేష్ ఆసుపత్రికి తోడుకపోయినాడు. డాక్టరమ్మ మంచిదే. "పాలు యాడికీ పోలేదమ్మా, నువ్వు తిను, నీళ్ళు తాగు, బిడ్డను రొమ్ముకు పెడ్తానే ఉండు" అనింది. పెడ్తానే ఉండా. తినేదే లేదు.

…

ఎవురు చెప్పినారు నీకు? అవుకు అత్తనా?

…

ఆ. నిజమే. రేపు చిన్నదినం అయినాక పాపను అవుకు తీసుకపోతారంట. మామ కోడలు బాలింత గదా. ఆమెకు పాలు దండిగా ఉండాయంట. ఆమె బిడ్డ తాగంగా ఇంగా మిగలతాయంట. ఇచ్చి పంపు, నాలుగు నెలలు పోనీ, తేరుకున్యాక తెచ్చుకుందువు అన్యారు.

…

మా యత్తనా? గోడపక్క తిరుక్కోని పండుకోనుండె. వద్దనలే. సరే అనలే.

…

నేనా? నేనూ వద్దనలే.

…

ఏమనల్లక్కా? పాలు లేకుండా నా బిడ్డ అని పట్టుకుంటే బిడ్డ బతుకుతాదా? వాళ్ళు చెప్పేది తప్పు గాదు. అవుకు గూడా దూరం గాదు. అన్నీ తెలుసు. తల ఊపినా.

…

ఊపినా. అవును. ఊపినాక లేచి పోయి గింజలు నానేసినా. ఎందుకు నానేసినానో నాకే తెల్దు. చేతులు ఏసినాయి.

…

అదీ లూదియక్క చెప్పిందే. నిన్న సాయంత్రం పెరటి గోడ మీదనుంచి అనింది. "అర్చనమ్మా, కడుపులోకి గింజ పడితే పాలు అవే దిగుతాయి. కువైట్‌లో మా ముసలి మేడమ్ కాళ్ళు పడిపోయి మంచంలో ఉంటే ఆర్నెల్లు గింజల సూపుతోనే లేపినా. నేను వండుకొచ్చి ఇద్దును. మీ యత్త ముట్టదు. నువ్వు తిన్యావని తెలిస్తే నిన్నూ ముట్టదు. అందుకని కుండిస్తా, నువ్వే వండుకో" అనింది.

…

కష్టపెట్టుకోలే. మామూలుగానే అనింది. ఎండగా ఉండాది, గొడుగిస్తా పట్టుకో అన్నట్టు అనింది.

…

సూపక్కా. పులుసు గాదు, ఇగురు గాదు. గింజలు రాత్రి నానేసి, ఆ నీళ్ళు పొద్దున పారబోసినా. మంచినీళ్ళు నాలుగు వేళ్ళ ఎత్తు పైకి పోసినా. తెల్లగడ్డ రెండు గడ్డలు, ఒలిచి అట్లే ఏసినా. ఒగ ఎర్రగడ్డ, రెండు టమోటాలు, జిలకర. పసుపు ఏయలే. మైల గదా. తిరగమాత ఎట్లా లేదు, దానికి మంట కావల్ల. లూదియక్క అనింది, దీనికి తిరగమాత పనే లేదంట, గరిటె వెనకతో చిదిపితే అదే చిక్కబడతాదంట.

…

పితకలే. పొట్టుతోనే ఏసినా. పితుక్కుంటా కూర్చుంటే మా యత్త చూడదా? అనపగింజలు పితికే సప్పుడు ఆమెకు పక్కీదిలోనుంచైనా ఇనపడతాది.

…

ఆ, అనపగింజలే. ఎండువి.

…

ఇంట్లో ఉన్యాయి.

…

ఇంట్లోవే అంటి గదక్కా.

…

నీవే. నువ్వు పంపినవే.

…

ఆదివారం పంపినవే. ఆయన బైకు డబ్బాలో ఉన్యాయి. సోమవారం పోలీసోళ్ళు చెప్పులు, గడియారం ఇచ్చినారు సూడు, వాటితోబాటు ఈ సంచీ ఇచ్చినారు. ముడి గూడా ఊడలే. నువ్వేసిన ముడి. శిరివెళ్ళ మెట్ట కాడ బైకు అంత నుజ్జు నుజ్జు అయ్యింది, ఒగ్గ గింజ గూడా కిందపడలే.

…

అక్కా.

…

అక్కా, ఏడ్చినావంటే ఫోను పెట్టేస్తా. నేను చెప్పేది విను. నువ్వు పంపకపోయింటే అనగాక. అడిగింది నేను. శనివారం ఫోను చేసి, బాలింత నోటికి రుచి లేదు, నాలుగు అనపగింజలు పంపమని అడిగింది నేనే. నేను అడగకపోయింటే అనేది నేనే ఇంగా అనుకోలే. ఎప్పుడో అనుకుంటా. ఇప్పుడు తీరదు. ఆరు గంటలకు కరెంటు పోతాది.

…

లేదు. ఏడుపు రాలే.

…

రాలేదంటే రాలే. ఏం చేయల్ల? అందరూ వచ్చి కావిలించుకోని ఏడుస్తారు. నేను వాళ్ళ వీపు తడతాండ. ఒగామె అనింది, "రాయి మాదిరుండాది ఈ పిల్ల" అని. ఇనపడేటట్టే అనింది. చెయ్యి తిమ్మిరి పట్టినప్పుడు గిల్లుకుంటే ఎవురి చెయ్యో గిల్లినట్టుంటాది సూడు. అట్లుండాది. ఒంట్లో అంతా అదే.

…

పాపను ఎత్తుకున్యా అట్లే ఉండాది. అది చెప్పగూడదు. నీకు గాబట్టి చెప్తాండ. ఎవురి పాపనో ఎత్తుకున్యట్టు. అందుకే తల ఊపినానేమో. అదే భయంగా ఉండాది నాకు.

…

భయం తెలుస్తాంది. అదొగ్గటి ఉండాది.

…

సరే. కుండ సంగతి చెప్పు. నువ్వు ఎన్ని వండింటావ్. పొద్దున ఎనిమిదికి పెట్టినా. "హై" లో పెట్టి, ఒగ పొంగు వచ్చినాక "లో" కు తిప్పమనింది. పదకొండున్నరకు పొంగె. పన్నెండుకు కరెంటు పాయ. రెండు దాకా రాలే. పాప బొంత తీసి కుండకు చుట్టినా, వేడి పోకుండా. మల్ల రెండు నుంచి "హై" లోనే పెట్టినా. ఇప్పుడు నాలుగు దాటింది. ఉడికింటాదా?

…

మూత తీయగూడదంట. ఒగసారి మూత తీస్తే అర్ధగంట ఎనక్కి పోతాదంట. గాజు మూతలోనుంచి చూస్తే ఆవిరే ఉండాది. ఏం కనపడదు.

…

నువ్వు తీయమంటే తీస్తా. ఉండు. పాపను ఈ చేతికి మార్చుకుంటా… ఆ.

…

తీసినా.

…

చిక్కబడింది. రంగు… మన ఊర్లో వాన వచ్చినాక చేను నీళ్ళు ఉంటాయి సూడు, ఆ రంగు. తెల్లగడ్డలు కనపడలే. కరిగిపోయింటాయి.

…

పట్టుకున్యా ఒగటి. కాల్తాంది. … చిదిమితే చిదిగింది. నడుమ పలుకు లేదు. వెన్న మాదిరుండాది. ఉడికిందక్కా.

…

ఉప్పు ఏయలే. ఉప్పు ముందే ఏస్తే గింజ బిగుస్తాదని నువ్వే గదా చెప్పింది. ఉప్పు వంటింట్లో ఉండాది. వంటింట్లోకి పోవల్లంటే ముందరింట్లోనుంచే పోవల్ల. ఆడ ఆమె…

…

వాసన? వస్తాంది. ఇల్లంతా వస్తాంది. అయ్యో. మూత ఏస్తా.

…

అక్కా. మంచం సప్పుడయింది.

…

పెట్టేయగాక. పెట్టేయగాకక్కా, ఉండు. మాట్లాడగాక, ఉండు అంతే.

…

అత్తా. లేచినావా.

…

అక్క. ఆళ్లగడ్డ నుంచి ఫోను చేసింది. రేపు ఎన్ని గంటలకు రావల్లని.

…

ఏం వాసన?

…

అనపగింజలత్తా.

…

ఉడకేసినా.

…

ముట్టించలే. నీ చాట నువ్వు పెట్టినట్టే ఉండాది, పోయి చూసుకో. కరెంటు కుండ ఇది. చూడు, మంట యాడన్నా ఉండాదా?

…

లూదియక్కది.

…

ఆ. ఆ లూదియక్కే. కుండ ఒగటే ఆమెది. నీళ్ళు మనవి. ఎర్రగడ్డ, తెల్లగడ్డ మనవి. చెయ్యి నాది.

…

గింజలు… నీ కొడుకువి.

…

ఆళ్లగడ్డ నుంచి తెస్తాండె గదా. ఆ సంచిలోవి. నీకు చూపించలే నేను. మంచం కింద పెట్టింటి.

…

పాలు లేవత్తా. నీకు తెలుసు గదా లేవని. నాలుగు దినాల్నుంచీ రాత్రీ పగలూ ఏడుస్తాంది, నీకు ఇనపడలేదా? తిట్టుకో. కొట్టుకో. రేపు పాపను ఇచ్చేయల్లంటే ఇచ్చేస్తా. తల ఊపినా గదా, మాట తప్పను. ఈ ఒగ్గ పూట తిననీ నన్ను. తిన్యాక గూడా రాకుంటే అప్పుడు ఇస్తా.

…

…

అక్కా. ఉండావా?

…

నిలబడింది. చూస్తాంది కుండను.

…

కూర్చునింది ఇప్పుడు. కుండ ముందర కూర్చునింది. కుండ మీద చెయ్యి పెట్టింది. తీయలే చెయ్యి.

…

తెల్దు. మొగం కనపడలే నాకు. కొంగు అడ్డముండాది.

…

ఏందత్తా?

…

ఏయలే. ఉప్పు ఏయలే ఇంగా.

…

అక్కా, "ఉప్పు ఏసినావా" అని అడిగింది.

…

లేచి పోయింది. వంటింట్లోకే. గిన్నెలు కదిలిస్తాంది… చాట జోలికి పోలే. చాట సప్పుడు కాలే. … వస్తాంది. ఉప్పు తెచ్చింది. గరిటె తెచ్చింది. రెండు గిన్నెలు తెచ్చింది.

…

రెండక్కా. రెండే.

…

మూత తీసింది. ఉప్పు ఏసింది. గరిటె వెనకతో చిదుపుతాంది. నేను చెప్పలే చిదపమని. ఆమెకే తెలిసింది.

…

తా అత్తా, నేను పోస్తా… అబ్బా.

…

చెయ్యి మీద కొట్టింది. ఆగమంటాంది.

…

ఏందత్తా? ఇంగొకసారి చెప్పు.

…

అక్కా. ముందు తాను తింటాదంట.

…

"ఇంట్లో పెద్దది నేను. ముందు నేను ముట్టితే మైల నేమం తప్పింది నేనైతా. నీకు, నీ బిడ్డకు తగలదు. ఎనక నువ్వు తిను" అంటాంది.

…

ఆ. అట్లే అంటాంది. మామూలుగా అంటాంది. బియ్యం ఏరుతా చెప్పినట్టు.

…

నోట్లో పెట్టుకునింది. … మింగలే. నోట్లోనే పెట్టుకోని కూర్చునింది. నాలుగు దినాలాయ గదా, గొంతు తెరుచుకోదు. … అత్తా, ఇదో నీళ్ళు. ఒగ గుక్క తాగు. … నిదానంగా.

…

దిగింది.

…

ఇంగొగ గరిటె పోసుకుంటాంది. … ఆ, తింటాంది. రెప్ప ఏయకుండా తింటాంది.

…

ఏమన్యావత్తా?

…

పులుపు తక్కువంట. "నీకు పెండ్లయి మూడేండ్లాయ, పులుపు ఎంతెయ్యల్లో ఇంగా తెలీదు" అంటాంది.

…

నవ్వగాకక్కా, ఇనపడతాది ఆమెకు.

…

నాకూ పోసింది. తింటాండ. ఫోను చెవికీ భుజానికీ నడుమ పెట్టుకున్యా, ఆ సప్పుడు అదే. కాల్తాంది. పర్వాలే. … బాగుండాదో లేదో తెల్దు. వేడిగా ఉండాది. లోపలికి పోతాండేది తెలుస్తాంది, యాడిదాకా పోయిందో గూడా తెలుస్తాంది.

…

ఆ. రెండో గిన్నె.

…

అత్తా, రేపు అవుకోళ్ళు వస్తారు గదా. పాపను…

…

ఏందీ?

…

అక్కా, "రేపు తలుపు కాడ నేను కూర్చుంటా" అంటాంది. "నేను లేచి దారిస్తేగదా బిడ్డ గడప దాటేది" అంటాంది.

…

అంతే అనింది. గిన్నె కడగను పోతాంది. … కడగను గాదు. లూదియక్కకు ఒగ గిన్నెడు తీసి పక్కన పెట్టమనింది. కుండ ఒట్టిగా తిరిగి ఇయ్యగూడదంట.

…

ఉండు. పాప లేచింది.

…

ఏడుస్తాంది, ఇనపడతాందా? గొంతు బొంగురుపోయింది. … రామ్మా, రా. … పెడ్తాండ. ఇప్పుడే రావులే అక్కా, తిని పది నిమిషాలు గాలే, నాకు తెల్దా. డాక్టరమ్మ పెడ్తానే ఉండమనింది గదా, అందుకు పెడ్తాండ.

…

పట్టింది. … వదిలేసింది. … ఏడవగాకమ్మా. … మల్ల పట్టింది.

…

తెల్దక్కా. గుంజుతాంది. బాగా గుంజుతాంది. అబ్బ…

…

నొప్పి. ఆ, నాకే. నొప్పి పుడతాంది.

…

లేదు, లేదు, తీయను. ఉండనీ. … మా యత్త వచ్చి కూర్చునింది పక్కన. వీపు రుద్దతాంది. నా వీపు.

…

మాట్లాడగాక. ఒగ నిమిషం మాట్లాడగాకక్కా.

…

…

గొంతు కదిలింది.

…

పాప గొంతు. మింగింది. … ఇంగొకటి. … కొంచెమే. అయినా మింగతాంది.

…

అక్కా, ఫోను కింద పెడ్తాండ. పెట్టేసేది గాదు, కింద పెడ్తాండ, అంతే. రెండు చేతులూ కావల్ల నాకు…